తలుపు లోపలి ఆల్బమ్‌లు

మా చిన్న ఆడబిడ్డ ఆర్మూర్‌లో పసుపు కొమ్ములకు పాలిష్ పెట్టే డ్రమ్ము దగ్గర పనిచేసేది. ఏటా డిసెంబరులో ఆ ఏడు వచ్చిన పాటల ఆల్బమ్‌లలో తనకు నచ్చిన ఐదింటి పేర్లు చెక్క అల్మారా తలుపుకు లోపలి వైపు పసుపు కొమ్ముతో రాసేది. బయట రాస్తే ఎండకు వెలిసిపోతాయనేది.

"ఒక్క పాట ఇని చెప్పొద్దు వదినె, ఆల్బమ్ అంత ఇనాలె," అని నన్నూ కూర్చోబెట్టేది.

ఆ అలవాటుకు చివరిదైన డిసెంబరులో ఫోను చెవికి అదుముకుని, "గీసారి ఒక్కలు గూడ మంచిగ పాడలే వదినె. అన్ని డ్రమ్ము మోత లెక్కనే ఉన్నయ్," అంది.

వంటింట్లో ఉన్న నాకు పాటలో ప్రతి మాటా తేటగా వినబడుతోంది. డ్రమ్ము హోరుకు పోయిన వినికిడి ఇక రాదని దవాఖానలో చెప్పారు. ఆమె నమ్మలేదు.

దగ్గరికి వెళ్లి, "మంచిగనే ఉన్నయే పిల్లా!" అని అరిచాను.

నా పెదవులనే చూసింది. "అయితే నువ్వే ఇను. ఎట్లెట్లున్నయో చెప్పు, రాస్త," అంది.

ఆమె ఫోనులో పెట్టిన ఐదు ఆల్బమ్‌లూ విన్నాను. ఎవరింటి ముచ్చటైనా పొల్లుపోకుండా చెప్పేదాన్ని, పాట ఎలా ఉందో చెప్పబోతే "మంచిగుంది" తప్ప మాట దొరకలేదు. ఐదింటికీ అదే చెప్పాను.

ఆమె తలుపు మీద ఆ ఏటి అంకె వేసింది. కింద ఏమీ రాయకుండా మూసేసింది.