రోసీనా గీసిన రంపం మిల్లు

పిర్నా ఊరికి ఎగువన, ఎల్బె నదిలో కలిసే వాగు పక్కన కూర్చుని రోసీనా ఏళ్ళ తరబడి రాగిరేకుల మీద కొండలు గీసింది. మైనం పూసిన రేకు మీద సూదితో గీయడం, గీసినచోట ఆమ్లం తినేలా వదలడం, ఆ గాళ్ళలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీయడం తండ్రి దగ్గర నేర్చుకుంది. వాన రాబోయే ముందు చెట్లు ఊపిరి బిగబట్టడం కూడా ఆమె గీతల్లో పడేది. చేతికున్న ఆ మెత్తదనం నోటికి మాత్రం రాలేదు.

ఆ వసంతంలో బొమ్మల వ్యాపారి క్నాబె వాగులోయ బొమ్మ కావాలని రేకు ఇచ్చాడు. ఆమె కొండలు, దేవదారులు, వాటి కింద భర్త ట్రౌగాట్ రంపం మిల్లు గీసింది. తొలి అచ్చు చూసి క్నాబె పెదవి విరిచాడు.

“మిల్లు కప్పు తీసెయ్యమ్మా. గోడల మీద తీగలు పాకించు. అంత పెద్ద కొండల కింద మనిషి కట్టింది కూలిపోయి ఉంటేనే చూసేవాళ్ళ మనసు కరుగుతుంది.”

“లోపల నా మొగుడు పనిచేస్తున్నాడండీ. అతన్నేం చెయ్యను, తీగల కింద పాతెయ్యనా?”

“బొమ్మలోనే కదమ్మా. నీకు చేతకాకపోతే మా పనివాడు గీకి దిద్దుతాడు. పొద్దున్నే వచ్చి రేకు పట్టుకెళ్తా.”

యుద్ధం జరిగిన ఏడాది సైనికులు ఆ మిల్లుకు నిప్పు పెట్టారు. కాలిన దూలాల మధ్య మొలిచిన గడ్డిని ఆమే పీకింది. ట్రౌగాట్ చలికి వేళ్ళు పగులుతున్నా మళ్ళీ కప్పు వేశాడు. ఆ కూలడాన్ని ఈయన అందం అంటున్నాడు.

ఆ రాత్రి ఆమె కొండలనూ చెట్లనూ ఆమ్లం అంటకుండా వార్నిష్‌తో కప్పేసింది. మిల్లు గీతలను మాత్రం తెరిచి ఉంచి, పొగగొట్టం మీద కొత్తగా పొగ గీసి, రేకును ఆమ్లంలో పెట్టింది. గీతల వెంట బుడగలు లేచాయి. తీయాల్సిన వేళ దాటినా తీయలేదు.

పొద్దున క్నాబె రేకు మీద గోరు పోనిచ్చాడు. మిల్లు దగ్గర గోరు దిగబడింది.

“ఇంత లోతా? గీకితే రేకంతా గుంట పడుతుంది. ఇక నీకు నా దగ్గర పని లేదు.”

“వద్దులెండి. కూలిన ఇల్లే కావాలంటే మీ ఇంటి కప్పు పీకించి గీయించుకోండి.”

రేకును బల్ల మీద విసిరేసి ఆయన వెళ్ళిపోయాడు. ఆమె ఒక అచ్చు తీసి మిల్లు తలుపుకు మేకుతో కొట్టింది. ట్రౌగాట్ రంపంపొట్టు దులుపుకుంటూ వచ్చి చూశాడు.

“మిల్లు నలుపు ముందు కొండలు పల్చబడ్డాయే. పొగ మరీ ఎక్కువైంది.”

“తడి కట్టెలు పెట్టేది నువ్వు. పొగ రాక ఏమొస్తుంది?”

అప్పటికే దిగిన మేకును ఆమె మరోసారి గట్టిగా కొట్టింది.