అంచు తెలియని పసుపు

మా పాప శుభలేఖలు తెచ్చుకుందామని ఆత్మకూరు బస్టాండులో కర్నూలు బస్సు కోసం నిలబడి ఉండగా ఫోనొచ్చింది. ప్రెస్సు ఓనరు. "అన్నా, పేజీల సారు తెల్లారుజామున పోయినాడన్నా, గుండెపోటు" అన్నాడు. బస్సు ఎప్పుడొచ్చిందో ఎప్పుడెక్కినానో నాకు గుర్తులేదు.

ఈ పత్రిక చదివే మీకు ఆయన చేతిపని తెలుసు, మనిషి తెలియకపోవచ్చు. మన వర్తకుల సంఘం పత్రిక పేజీలన్నీ ఇన్నేండ్లూ కంప్యూటర్లో అమర్చింది ఆయనే. ఏ మూలా తన పేరు వేసుకోలేదు. నేనూ వేయను, ఆయనకు నచ్చదు. నేను స్టీలు సామాన్లు అమ్ముకునేవాణ్ణి, చదివింది ఏడో తరగతి. మాట అటూ ఇటూ అయితే మన్నించండి.

మా పాపకు సంబంధం కుదిరిన రోజు బజారులో తెలిసినోళ్లకూ తెలియనోళ్లకూ మైసూర్‌పాకు పంచినాను. అంత సంతోషం నాది. పాప అడిగింది ఒక్కటే. "నాయనా, కార్డులో అమ్మ ఉండాల. కీర్తిశేషులు అని పేరు వేస్తే చాలదు. అక్షరాల వెనక అమ్మ ముఖం లేతగా కనపడాల." వాళ్లమ్మ పోయేటప్పటికి పాపకు జడ వేసుకోవడం కూడా రాదు.

కర్నూలు ప్రెస్సులో సారు పాత ఫోటోలోని ఆ ముఖాన్ని బంగారు రంగు మీద పెట్టి పల్చన చేస్తూ పోయినాడు. తెర మీద నా భార్య పొద్దుటి మంచులోంచి వస్తున్నట్టుంది. నాకు కండ్లు నిండినాయి, ఇప్పుడే అచ్చేయండి అన్నాను.

"తెర చూసి మురిసిపోవద్దన్నా" అన్నాడాయన. "తెర మీద కలిసేది వెలుగు, కాగితం మీద కలిసేది సిరా. వెలుగు కలిసేకొద్దీ తెల్లబడతాది, సిరా కలిసేకొద్దీ మురికి పడతాది. కాగితం రానీ, మాట్లాడదాం."

ఆయన చెప్పినట్టే అయింది. మిషను మీద తీసిన శాంపిలు ఇంటికి తెస్తే మా ఆవిడ అక్క, అంటే మా వదిన, చూసి అదిరిపడింది. "ఇదేందప్పా! ఫోటో కట్టించి గోడకు తగిలించినట్టుండాది. పూలదండ ఒక్కటే తక్కువ. పెండ్లి పిలుపుకు ఇదా పంచేది?" ముఖం చుట్టూ నలుచదరంగా, ఒక పిసరు వెలిసినట్టు, పెట్టె కనపడుతోంది. పాప "పోనీలే నాయనా, తీసేయించు" అని వంటింట్లోకి పోయింది. ఆ పోవడం నేను చూడలేకపోయినాను.

మళ్లీ ప్రెస్సుకు పోతే సారు శాంపిలు తీసుకుని వీధిలోకి నడిచినాడు. ఏ కాగితమైనా అంతే, ఎండలో పట్టుకుని చూడాల్సిందే. "ట్యూబులైటు అబద్ధం చెప్తాదన్నా, మన కర్నూలు ఎండ చెప్పదు" అనేవాడు. అటూ ఇటూ వంచి చూసినాడు. "బంగారు రంగు వేరే సిరా, ఫోటో నాలుగు సిరాలు. పల్చదనం కంప్యూటరుకు తెలుసు, అచ్చేసే ప్లేటుకు తెలియదు. ప్లేటుకు తెలిసింది చుక్క ఉండాదా, లేదా, అంతే. అందుకే ప్లేటుకు పంపేటప్పుడు కంప్యూటరు మసకంతా చదరంగా కత్తిరించి అతికించింది."

"అయితే ముఖం తీసేద్దామా సార్?"

"గిన్నెకు సొట్ట పడితే పారేస్తావా, సొట్ట తీస్తావా?" అని కసురుకున్నాడు.

బంగారు రంగు మానేసినాడు. పసుపు వన్నె అడుగు వేసి, ముఖాన్ని దాంతో కలిపి ఒకే బొమ్మ చేసినాడు. అక్షరాలు మాత్రం విడిగా, అన్నిటికీ పైన. "మసక కిందికి పోతే అక్షరం లావుగా ఉబ్బుతాదన్నా." పక్కన టీ మీగడ కట్టింది, ముట్టుకోలేదు. పెండ్లిలో ముందు వరసలో కూర్చోవాల సార్ అన్నాను. "వరస యాడైతే ఏం, ఆకులో రెండో ఓళిగ అడగకుండా వేయించు" అని నవ్వినాడు.

ఆ సాయంత్రం మా కార్డు మిషను ఎక్కకముందే, ఎదలో పట్టేసినట్టుందని ఇంటికి పోయినాడంట.

పెండ్లి పెట్టుకుని చావింటికి పోతారా అని అన్నోళ్లు అన్నారు. బస్సు దిగి నేరుగా ఆయన ఇంటికే పోయినాను. తర్వాత ప్రెస్సుకు పోతే కార్డులు కట్టలు కట్టి పెట్టినారు. ఒక కార్డు తీసుకుని వీధిలోకి వచ్చి ఎండలో పట్టుకున్నాను. నా బిడ్డ కోరిక తీరింది, ఎగిరి గంతేయాల్సిన ఘడియ. పక్కన వంచి చూసే మనిషి లేడు. తెర మీద చూసి నమ్మని ఆ మనిషి, కాగితం చూడకుండానే పోయినాడు. బాగుండాదన్నా అని ఆయన నోట ఒక్క మాట వినలేకపోయినాను.

ఇంటికి తెచ్చి వదిన చేతిలో పెట్టినాను. కిటికీ దగ్గర పట్టుకుని చెల్లెలి ముఖం చుట్టూ బొటనవేలితో తడిమింది.

"యాడుందప్పా అంచు?"

"లేదొదినా."

"సారుకు చూపించినావా?"

నేను తల దించుకున్నాను. ఆమె గిన్నెలో తడి పసుపు కలుపుకుని, ఒక్కో కార్డుకూ నాలుగు మూలలా అద్దుతూ కూర్చుంది. ఒకదాని మీద పసుపు కొంచెం జారి ముఖం వైపుకు పాకింది. తుడవబోయి ఆగింది. యాడిదాకా తడి పసుపో, యాడ్నుంచి సారు వేసిన పసుపో, మా ఇద్దరికీ తెలియలేదు.