సుభద్రగారి శొంఠి కాఫీ

ఈ ఉదయం శొంఠి దంచుతుంటే ఆ ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుభద్రగారు గుర్తొచ్చారు. భవానీపురంలో మా వీధి చివర ఉండే ప్లీడరు ఆవిడ. కేసు చెప్పుకోవడానికి ఎవరొచ్చినా ముందు శొంఠి కాఫీ ఇచ్చేవారు. గబగబా తాగలేం, తాగుతూ మాట్లాడలేం. వచ్చినవాళ్ళు ఈలోగా కాస్త కుదుటపడేవారు.

నేను బడికి వెళ్ళలేదు. నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. కోర్టంటే రోడ్డు మీద నుంచి చూసిన భవనమే నాకు. మేముంటున్న ఇల్లు నాన్నది. అందులో వాటా ఉందని మా బాబాయి వేసిన దావాను నాన్న బతికుండగానే కోర్టు కొట్టేసింది. బాబాయి అప్పీలుకు వెళ్ళలేదు. అన్నదమ్ములిద్దరూ పోయాక బాబాయి కొడుకు మురళి అదే ఇంటి మీద, అదే వాటా కోసం మళ్ళీ దావా వేశాడు. సమన్లు వచ్చిన రోజు అమ్మ అన్నం ముట్టలేదు. ఈ వయసులో ఎక్కడికి పోతామే అని అదే పనిగా అడిగింది.

సుభద్రగారి దగ్గరకు పరుగెత్తాను. గోడ ఎవరు కట్టించారో, పన్ను ఎవరు కట్టారో, సాక్ష్యానికి ఎవరెవరు వస్తారో అన్నీ చెప్పుకుపోయాను. ఆవిడ గ్లాసు నా చేతిలో పెట్టి, అంతా విన్నాక అన్నారు:

"ఇవన్నీ మీ నాన్నగారు చెప్పేశారమ్మా. కోర్టు విని తేల్చేసింది. తేలిందని మాత్రమే చెబుదాం. మళ్ళీ మొదలుపెడితే, తేలలేదని మనమే ఒప్పుకున్నట్టుంటుంది."

పాత తీర్పు నకలు జతచేసి, ముందు ఆ ఒక్క సంగతే చూడమని కోర్టును అడిగారు.

వాయిదాకు వెళ్ళినప్పుడు వరండాలో మురళి నలుగురూ వినేలా, "ఏం అక్కా, మా నాన్న అమాయకుడని మీ నాన్న ఇల్లంతా మింగేశాడుగా. ఇప్పుడేమంటావ్?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోతుంటే సుభద్రగారు నా మణికట్టు పట్టుకున్నారు.

"దానికి మీ నాన్నగారు బోనెక్కి బదులు చెప్పారు. నువ్వెందుకు మళ్ళీ ఆయన్ని బోనెక్కిస్తావ్? పద, ఎండెక్కుతోంది."

దావా కొట్టేశారు. ఇల్లు నిలిచింది. అమ్మ మాత్రం, మీ నాన్న మంచివాడని రాశారా అని అడిగింది. అలాంటి మాట తీర్పులో ఎక్కడా లేదు. ముందే తేలింది కాబట్టి మళ్ళీ విచారించనక్కర్లేదని ఉంది, అంతే. నాకూ వెలితిగానే అనిపించి సుభద్రగారితో అన్నాను.

"ఆయన మీద మళ్ళీ విచారణే అక్కర్లేదన్నారు. ఇంకేం కావాలమ్మా?" అన్నారావిడ.

ఇప్పుడు ఆవిడ లేరు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆవిడ పేరు తలుచుకుంటాను. ఒకప్పుడు దేవుడి ముందు కూర్చుని మురళి చేసిన అన్యాయమంతా మొదటి నుంచి ఏకరువు పెట్టేదాన్ని. ఇప్పుడు దణ్ణం పెట్టుకుని లేస్తున్నాను.

ఇవాళ శొంఠి దంచింది మురళి కోసమే. కూతురి పెళ్ళికి పిలవడానికి వచ్చాడు. శుభలేఖ ఇచ్చి, కూర్చుని, గోడల వంక చూస్తూ, "ఎంతైనా ఈ ఇంట్లో మాకూ వాటా ఉండాల్సింది అక్కా" అన్నాడు.

గ్లాసు అతని చేతిలో పెట్టాను.

"వేడిగా ఉంది, మెల్లగా తాగు. ముహూర్తం ఎన్నింటికి?" అన్నాను.