నాయకుని జీపు

"ఆయప్ప జీపులో పోతే ఆయమ్మ నోరు తెరుస్తాదా మేడం? బస్సులో పోదాం."

"ఆయనకు చెప్పకుండా ఆ ఊళ్లో అడుగు పెట్టనిస్తారా? నీ మార్కులు నా చేతిలో ఉన్నాయి, గుర్తుంచుకో."

ప్రొద్దుటూరులో, మా వసారాలో జరిగిన పోట్లాట ఇది. పిల్లల సంరక్షణ ఉద్యోగాల కోసం పెద్ద చదువు చదివే నా మనవరాలు ఒక పక్క, వాళ్ల టీచరు ఒక పక్క. జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఒకడు ఆ ఊరి నాయకుని తరఫున ముఠా కక్షల్లో పోయి చచ్చాడు. వాడి కూతురు బడి మాని ఆ నాయకుని ఇంట్లోనే పేడ ఎత్తుతోంది. బిడ్డను హాస్టల్లో చేర్చమని తల్లి రహస్యంగా నా మనవరాలిని అడిగింది. ఆ తల్లి మాటే విని రాసుకురావడానికి వీళ్లిద్దరూ ఆ ఊరికి పోవాలి. ఆ రోజుల్లో ఎవరి జీపు దిగితే వాళ్ల మనుషులే.

"ఆయప్ప డీజిలు ఊరికే పోస్తాడా మేడం?" అన్నాను.

"మీకు అన్నీ ఖర్చులే అవ్వా!" అని టీచరు నవ్వింది.

మరునాడు పొద్దున జీపు వచ్చింది. మనవరాలు కూడా ఎక్కింది. నాయకుని ముందు నిలబడి, "నా బిడ్డ పులివెందులలో మా చెల్లెలింట్లో సదువుకుంటాంది" అందట ఆ తల్లి. టీచరు అదే రాసుకుంది. తర్వాత అందరికీ నాయకుని ఇంట్లోనే టిఫిను పెట్టారు. ప్లేట్లు ఎత్తింది ఆ పిల్లే.