పశుపోషణ విభాగంలో ఒక చిత్రకారుడు

చదువు ముగిసి ఇంకా ఉద్యోగంలో చేరని ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (తెలియనివన్నీ జీతం మొదలయ్యాకే బయటపడ్డాయి.) లైబ్రరీ సైన్సు పట్టా చేతికొచ్చిన వేడిలో, ఏ పుస్తకమైనా సరే, అట్ట చూసి అర నిమిషంలో దాని కులగోత్రాలు చెప్పేయగలనని గట్టిగా నమ్మేదాన్ని. ఆ నమ్మకంతోనే మదనపల్లెలో ఒక చిన్న చిత్రకళా మ్యూజియం లైబ్రరీలో మూడు నెలల ఇంటర్న్‌గా చేరాను. పుంగనూరు నుంచి రోజూ బస్సు. అక్కడి పుస్తకాలను ఒక్కొక్కటే చూసి, పేరు, రచయిత, విషయం కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఆ జాబితాను ఎవరైనా ఫోన్‌లో వెతికి చూసుకోవచ్చు. మా అమ్మ మాత్రం వీధిలో అందరికీ "మా పాప మ్యూజియంలో ఆఫీసరు" అని చెప్పుకొంది. నేనూ దిద్దలేదు.

లైబ్రరీని చూసుకునే ఆవిడకు నేను లోలోపల పెట్టుకున్న పేరు నిశ్శబ్దం మేడమ్. ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేవారు, అదీ అచ్చు పుస్తకంలా. "తొందరపడవద్దమ్మా. పుస్తకాన్ని పూర్తిగా తిరగేసి, ఆ తరువాతే విషయాన్ని నిర్ణయించు" అని రోజుకొకసారైనా చెప్పేవారు. నేను రోజుకొకసారి తలూపేదాన్ని. చివర్లో నాకు సర్టిఫికెట్ రాసివ్వాల్సింది ఆవిడే కనుక తల బాగా లోతుగా ఊపేదాన్ని.

రెండో నెలలో నా చేతికొక పాత పుస్తకం వచ్చింది. పేరు ‘పుంగనూరు ఆవులు’, రచయితది నేనెప్పుడూ వినని పేరు. పుంగనూరులో పుట్టి పెరిగిన నాకు పుంగనూరు ఆవు గురించి ఒకరు చెప్పాలా? నాలుగు పేజీలు తిప్పాను. కింద తలా ఒక పేరు తప్ప ఒక్క మాట లేదు, అన్నీ ఆవు బొమ్మలే. ముందునుంచి, పక్కనుంచి, చివరికి వెనకనుంచి కూడా. ఆవును వెనకనుంచి ఎవరు చూస్తారు? పశువుల డాక్టరే చూస్తాడు! ఇంకేం, ఆ లైబ్రరీ పుట్టినప్పటినుంచీ లేని ‘పశుపోషణ’ అనే విభాగాన్ని నేనే ప్రారంభించి, కిటికీ పక్క ఖాళీ అరలో ఆ ఒక్క పుస్తకాన్నీ మహారాణిలా కూర్చోబెట్టాను. ఎవరికైనా పనికొస్తుందని వెతుకుడు మాటలు కూడా చేర్చాను: ఆవు, చూలు, ఈత, సంరక్షణ.

నెల తిరిగేసరికి మ్యూజియంలో ఒక సభ ఏర్పాటైంది. బెంగళూరులో ఉండే ఒక పెద్ద చిత్రకారుడికి సన్మానం. శాలువా, పూలదండ, వంద కుర్చీలు, కలెక్టరాఫీసు నుంచి ఎవరో పెద్దమనిషి. పదకొండింటికి సభ. పదింటికి మేడమ్ నా దగ్గరికి వచ్చి, "ఆయన గీసిన ఆవుల చిత్రాల సంపుటి ఒకటి మన దగ్గరుంది. తెచ్చి వేదిక మీద ఉంచమ్మా" అన్నారు గుసగుసగా. చిత్రకళ బీరువా మొత్తం వెతికాను. ఆవుల సంపుటి లేదు. అప్పుడు నెమ్మదిగా కిటికీ వైపు చూశాను. పశుపోషణ విభాగం మహారాణి అక్కడే కూర్చుని ఉంది.

ఎవరూ చూడకముందే తీసేద్దామని అటు పరుగెత్తేసరికి, తలపాగా తీసి చంకలో పెట్టుకున్న ఒక రైతు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పాపా, ఈడ ఆవులు ఈనే పుస్తకం ఉండాదంట గదా?"

"ఎవరు చెప్పారు?"

"మా వూరి ఇస్కూలు అయివారు ఫోన్లో సూపించినాడు. మాది పెద్దపంజాణి పక్కన. మా ఆవుకు దినాలు దాటిపోయినాయి, ఇంకా ఈనలా. ఇంట్లో ఆడోళ్ళకు అన్నం దిగల్యా. బొమ్మలన్నా రవ్వంత సూసి పోతానమ్మా."

అంత దూరం నుంచి బండి మీద వచ్చిన మనిషికి, అది నా తప్పు అని చెప్పడానికి నోరు రాలేదు. పుస్తకం ఇచ్చాను. ఆయన నేలమీదే చతికిలబడి ఒక్కొక్క పేజీ తిప్పసాగాడు. సరిగ్గా అప్పుడే, సభకు ముందు లైబ్రరీ చూద్దామని ఆ చిత్రకారుడు ఒంటరిగా లోపలికి వచ్చారు. తెల్ల పంచె, తెల్ల గడ్డం. తన పుస్తకం రైతు ఒళ్ళో కనబడగానే ముఖం వెలిగిపోయింది.

"నచ్చిందా అయ్యా ఆ బొమ్మ?" అని అడిగారు. వెనకనుంచి గీసిన ఆవు బొమ్మ అది. కింద ‘ఏకాంతం’ అని పేరు ఉంది. రైతుకు చదువు రాదు. నన్నడిగి ఆ పేరు చెప్పించుకున్నాడు.

"ఏకాంతమేంది సామీ?" అన్నాడు. "లోపల ఇంకోటి ఉండాది గదా!"

చిత్రకారుడు వంగి చూశారు. రైతు వేలితో చూపించాడు. "ఇదో, తోక మొదట్లో గుంత పడింది. పొదుగు దిగింది. ఇది రేపో ఎల్లుండో ఈనేస్తాది. దీన్ని గీసినోడికి కండ్లుండాయి గానీ, అడిగి తెలుసుకోలా."

నేను గోడలో కలిసిపోవాలని చూశాను. గోడ ఒప్పుకోలేదు. చిత్రకారుడు ఆ బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, "ముప్పై ఏళ్ళుగా నాకు తెలియలేదయ్యా" అన్నారు. తరువాత చిన్నపిల్లాడిలా, "మీ ఆవును నాకు చూపిస్తావా?" అని అడిగారు. "దానికేముంది, రాండి" అన్నాడు రైతు. ఇద్దరూ వెళ్ళిపోయారు. వరండా దాకా వెళ్తున్నారేమో అనుకున్నాను. (నిజంగా అలాగే అనుకున్నాను.)

పదకొండున్నరకు మేడమ్ లోపలికి వచ్చారు. గుసగుస లేదు, పుస్తకాల తెలుగూ లేదు. "యాడమ్మా ఆయన? యాడికి పోయినాడు? ఆడ జనమంతా కాసుకోని ఉండారు!" అని అరిచారు. వరండాలో పుస్తకాలు కుడుతున్న బైండింగ్ చాచా సూది ఆపకుండానే జవాబిచ్చాడు: "అరె మేడమ్, ఆయన బండెక్కి పోయె గదా. గాయ్ దేఖ్నే. ఆవును సూసేకి."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. పశుపోషణ విభాగం స్థాపించిన సంగతి మొదలుకొని మొత్తం చెప్పేశాను. మేడమ్ కుర్చీలో కూలబడ్డారు. బయట మైకులో ఎవరో చిత్రకళ గొప్పతనం గురించి ముప్పావుగంట మాట్లాడి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి మాట్లాడారు. ఒంటిగంటకు కలెక్టరాఫీసు పెద్దమనిషి వెళ్ళిపోయారు. ఆయన వెనకే కుర్చీలూ ఖాళీ అయ్యాయి.

నాలుగింటికి రైతు బండి మీద చిత్రకారుడు తిరిగొచ్చారు. పంచె అంచుకు పేడ, చేతిలో నిండిపోయిన బొమ్మల పుస్తకం. మిగిలింది ఏడుగురం, చాచాతో కలిపి. ఆయన శాలువా కప్పించుకుని, "నా పుస్తకాన్ని ఆవుల ఈతలో చేర్చి ఇవాళ నాకు పాఠం చెప్పించిన అమ్మాయి చల్లగా ఉండాలి" అని కూర్చున్నారు. మేడమ్ నా వైపు చూడలేదు. అంటే, నవ్వు పెదవుల దాకా రాకుండా ఆపుకోవడానికే చూడలేదని నాకు తరువాత అర్థమైంది.

సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో ‘పని పట్ల ఉత్సాహం మెండు, విషయ నిర్ణయంలో మరింత శ్రద్ధ అవసరం’ అని ఉంది. సభ అయిన మూడు రోజులకు రైతు లైబ్రరీకి ఫోన్ చేశాడు. "ఈనేసిందమ్మా, పెయ్యదూడ. తల్లీ బిడ్డా బాగుండాయి. ఆ పుస్తకంలో ఒక్క మాట లేకపోయినా శానా మంచి పుస్తకమమ్మా."

ఇప్పుడు నేను కుప్పంలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తున్నాను. ప్రతి పుస్తకాన్నీ మూడుసార్లు తిరగేసి, రెండు కళ్ళద్దాలు మార్చి, అప్పుడు గానీ విషయం రాయను. నా జాబితాల్లో తప్పు పట్టినవాళ్ళు ఇంతవరకు లేరు. అంత దూరం నుంచి బండేసుకుని వచ్చి, నేను రాసిన మాటను నమ్మి, నేలమీద కూర్చుని పుస్తకం తెరిచినవాళ్ళు కూడా లేరు. ఒక్కోసారి సాయంత్రం కంప్యూటర్ కట్టేస్తూ, ఆనాటి నాలోని ఆ తలబిరుసు పిల్లను పిలిచి ఒక గంట నా కుర్చీలో కూర్చోబెడితే ఏమవుతుందా అనిపిస్తుంది.