బ్లేడు తీసేసిన గడ్డి మిషన్

మొన్న కర్నూలులో మా వీధి చివరి పార్కు పక్కగా నడుస్తుంటే, ఒకాయన భుజానికి మిషన్ తగిలించుకుని గడ్డి కోస్తున్నాడు. దాని కొసన గిర్రున తిరిగే నైలాన్ దారం తగిలి ఒక గులకరాయి ఎగిరొచ్చి నా పిక్కకు కొట్టుకుంది. ఆయన మిషన్ ఆపి కంగారుగా దండం పెట్టాడు. నేను కోప్పడాల్సింది పోయి, ఎంత లావు దారం వేశావు నాయనా అని అడిగేసరికి, ఎండకు ముసలాయనకు మతి చలించిందనుకున్నాడో ఏమో, మిషన్ మళ్లీ స్టార్ట్ చేసుకుని అటు తిరిగిపోయాడు. ఆ దారంతో నాకున్న చుట్టరికం ఆయనకేం తెలుసు.

అప్పుడు నాకు పాతికేళ్లు, కోసిగి దగ్గర మా ఊళ్లో వెల్డింగ్ షాపు పెట్టిన కొత్త. ఏదో సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్ వాళ్లు పాతబడిందని ఒక గడ్డి మిషన్‌ను మా చర్చికి ఇచ్చేశారు. కూర్చుని నడిపేది, చిన్న ట్రాక్టరు మాదిరి ఉండేది, కింద రేకు డొప్పలో ఇంత పొడుగు బ్లేడు తిరిగేది. సైకిల్ తప్ప ఎరగని నేను దాని సీటు మీద కూర్చోగానే కలెక్టర్ కొలువు దొరికినట్టు పొంగిపోయాను. నవంబరులో చనిపోయినవాళ్లను తలుచుకునే సమాధుల పండుగ వస్తుందంటే, వానలకు సమాధుల తోటలో మోకాటెత్తు పెరిగిన గడ్డిని మావాళ్లంతా కొడవళ్లు పట్టుకుని వారం రోజులు కోసేవాళ్లు. నేను ఒక్క పూటలో తేల్చేస్తానని సంఘ పెద్దల ముందు గొప్పలు చెప్పాను.

పది నిమిషాలకే పరువు పోయింది. మా సమాధుల తోటలో సిమెంటు కట్టడాలున్నవి రెండో మూడో, మిగతా కూలి జనానికంతా తలవైపు ఒక బేతంచెర్ల బండ ముక్క పాతడమే, దాని మీద పేరు కూడా ఉండదు. గడ్డిలో కనబడని అలాంటి రాయి ఒకటి బ్లేడుకు తగిలి రెండుగా చీలింది, బ్లేడూ వంగిపోయింది. పెద్దలు కూర్చుని, మిషన్‌కు అడ్డం లేకుండా ఆ ముక్కలన్నీ పీకేసి పేర్లు గోడ మీద ఒకే బోర్డున రాయిద్దామన్నారు. అందరికంటే ముందు తల ఊపింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పూట మా నాయన అన్నం ముట్టలేదు. కంచం పక్కకు నెట్టి, "బోర్డు మీద రాస్తే నాకేం తెలుస్తాదప్పా? ఆ రాయి పీకేస్తే మీయమ్మ యాడుండాదని ఎవుర్ని అడగల్ల నేను?" అన్నాడు.

నాకు ఆరేళ్లప్పుడు నాయన సుగ్గికని, అంటే వలస కూలికి, గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయి ఉండగా అమ్మ జ్వరంతో పోయింది. కబురంది, బస్సులు మారి ఆయన వచ్చేసరికి మూడో రోజు, మట్టి కూడా ఆరిపోయింది. ముఖమైనా చూడని మనిషికి చోటు తెలియాలని మా అవ్వ పాతించిన రాయి అది. చదువు రాని నాయనకు భార్య ఆనవాలు అదొక్కటే. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ తల ఊపాను.

మరునాడే పెద్దల దగ్గరకు పోయి నాలుగు రోజులు గడువు అడిగాను. బ్లేడు విప్పేసి, దాని ఇరుసుకు గుండ్రటి ఇనుప బిళ్ల బిగించి, అంచున నాలుగు బెజ్జాలు వేసి నైలాన్ దారపు ముక్కలు కట్టాను. దారమైతే రాయికి తగిలినా వంగి పక్కకు పోతుందని నా ఆశ. చేపలు పట్టే దారం వేస్తే నిమిషంలో పీచయిపోయింది. ఆదోని పోయి గడ్డి కోసే లావు దారం తెచ్చాను. తొందరలో ముక్కలు సమానంగా కోయకపోవడంతో మిషన్ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. చివరికి మా అవ్వ జానతో కొలిచి ఇస్తే గానీ కుదుటపడలేదు.

మొదట అమ్మ రాయి దగ్గరికే పోనిచ్చాను. దారం రాయిని టపటపా తట్టింది, చుట్టూ గడ్డి రాలింది, రాయి మాత్రం అలాగే నిలబడింది. నాయన దాన్ని తడిమి చూసి, మిషన్ బానెట్ మీద చెయ్యి వేసి, "నీ మాదిరి కాదప్పా, ఇది శానా బుద్ధిగల్లది" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. ఇక రాళ్లు పీకే మాట ఎవరూ ఎత్తలేదు, చీలిన రాయిని మాత్రం నేనే సిమెంటుతో అతికించాను.

అప్పటినుంచి ఏటా నేను మెల్లగా మిషన్ నడుపుతుంటే నాయన ముందు నడుస్తూ, గడ్డిలో రాయి కనబడిన చోటల్లా ఆగి, అది ఎవరిదో, ఆ మనిషి ఎలాంటివాడో, ఎవరితో ఎందుకు పోట్లాడాడో చెప్పేవాడు. అలా ఆ తోటంతా నాకు కంఠతా వచ్చింది. నాయన కూడా ఇప్పుడు అక్కడే, అమ్మ పక్కనే ఉన్నాడు. ఆయనకూ ఒక బండ ముక్కే పెట్టాను.

ఇప్పుడు గడ్డి మందు కొడుతున్నారు, ఒక్క పరక మొలవదు. మిషన్ చర్చి వెనక తుప్పు పట్టింది. కొత్త సమాధులకు గ్రానైటు మీద పేర్లూ ఫోటోలూ ఉన్నాయి, సంతోషమే. పేరు లేని ఆ పాత రాళ్లలో ఏది ఎవరిదో తెలిసినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే మిగిలాను. చెబుదామంటే, గడ్డే లేని తోటలో నా వెంట నడిచేవాళ్లు ఎవరూ లేరు.