మిట్ట మీది బియ్యం

పాస్టరమ్మ పోయిందన్న కబురు నాకు మంచిర్యాల కూరగాయల బజారులో తెలిసింది. మా ఊరి మనిషి ఒకాయన బెండకాయల గంప దించుతూ, ఇవ్వాళ ఎండ బాగా ఉందన్నంత మామూలుగా చెప్పాడు. పైగా, "ఇగ మిరుగు వానల ముంగట మన తలుపులు కొట్టేటోళ్లు లేరు, పానం ఆరామ్" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కొన్నవి కొన్నట్టే అక్కడ పెట్టేసి మా ఊరి బస్సెక్కాను.

మా ఊరు గోదారి ఒడ్డున పల్లంలో ఉంటుంది. ఊరికంతటికీ ఎత్తైన చోటు ఒక్కటే, చర్చి ఉన్న మిట్ట. పాస్టరు గారు ఎప్పుడో పోయారు. ఆమె మాత్రం చర్చి పక్కనున్న చిన్న ఇంట్లోనే ఉండిపోయింది. నేను కోడలిగా వచ్చిన ఇల్లు ఆ మిట్ట కిందే. మా అత్తమ్మకు ఆమె అంటే గౌరవమే కానీ, ఆమె ఇంట్లో మంచినీళ్లు మాత్రం ముట్టేది కాదు. ఆ సంగతి పాస్టరమ్మకూ తెలుసు. తెలిసీ రోజూ వచ్చి మా అరుగు మీద కూర్చునేది.

ఆమె ఎవరినీ బాగున్నావా అని అడగ్గా నేను వినలేదు. "ఇంట్ల బియ్యం ఎన్నొద్దులకున్నయి?" అనేదే ఆమె పలకరింపు. కొత్త కోడలినైన నన్నూ అదే అడిగింది. ఈమెకెందుకు మా ఇంటి గుట్టు అనుకున్నాను. కారణం తర్వాత అత్తమ్మ చెప్పింది.

నేను కాపురానికి రాకముందు ఒక ఏడు గోదారి ఊళ్లోకి వచ్చిందట. పోలీసు యాక్షన్ జరిగి ఎంతో కాలం కాలేదు. ఒకరి ముఖం ఒకరు చూడడానికి జంకే రోజులు. ప్రాణభయంతో అందరూ మిట్ట ఎక్కారు కానీ, ఎక్కి గుడి వాళ్లు, మసీదు వాళ్లు, చర్చి వాళ్లు మూడు మూలలా మూడు పొయ్యిలు పెట్టుకున్నారు. ఒక పొయ్యి దగ్గర బియ్యం ఉంటే గిన్నె లేదు. ఇంకో దగ్గర గిన్నె ఉంటే ఎండు కట్టె లేదు. అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. పిల్లలు తడి అటుకులు నమిలారు. నీళ్లు తీసినాక మాత్రం కూలిన గోడల మధ్య నిలబడి, ఊరంతా ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడ్చారట. పాస్టరమ్మ ఆ ఏడుపు గురించి ఎప్పుడూ వెటకారంగానే మాట్లాడేది. "కలిసి ఏడ్సుడు మనకు మంచిగొస్తది బిడ్డ. కలిసి దాసుకునుడే రాదు."

అప్పటి నుంచి పట్టింది ఆమె ఊరిని. గుడి పెత్తనం చూసే పటేలు ఇంటికి, మసీదులో ముల్లా సాబ్ దగ్గరికి చెప్పులరిగేలా తిరిగింది. చర్చి వెనక గది ఖాళీ చేయించింది. గుడి తరఫున బియ్యం, మసీదు తరఫున పెద్ద వంట డేగిశాలు, చర్చి తరఫున మోకులు, దీపాలకు గ్యాసునూనె, ఎండు కట్టెలు అందులోకి చేరాలి. వండేది గుడి వంటాయన, వండేచోటు చర్చి వసారా. ఎవరి చేతిది ఎవరు తింటారన్న పేచీ వచ్చినప్పుడు ఆమె అన్న మాట మా అత్తమ్మ చాలాసార్లు చెప్పింది. "గిన్నె మసీదుది, చెయ్యి గుడిది, నీడ మాది. ఆకలి ఎవలిదో జర చెప్పుండ్రి." గది నిండింది.

అంతా కుదిరిందనుకునే సరికి పటేలు గది తలుపుకు తన తాళం వేశారు. గుడి బియ్యానికి తాను జవాబుదారీ కదా అన్నారు. ముల్లా సాబ్ ఒక తాళం తెచ్చారు. ఇద్దరూ వేశాక చర్చి వాళ్లు ఊరుకుంటారా, పాస్టరమ్మ చేత మూడోది వేయించారు. ఇక ఆ తలుపు తెరవాలంటే ముగ్గురూ రావాలి. మిరుగు కార్తె వచ్చే ముందు ఆమె ఇల్లిల్లూ తిరిగి బియ్యం ఎండబోయడానికి పిలిచేది. తాళాల వాళ్లలో ఒకరు వస్తే ఇంకొకరు రారు. వానలు పడకముందే వరద మాట ఎత్తడం అపశకునమని తలుపు వేసుకున్న వాళ్లు కూడా ఉన్నారు. ఒక ఏడు ముగ్గురూ ఒక్కచోట చేరేలోపు బియ్యమంతా పురుగు పట్టింది. ఇల్లు కాలినప్పుడు బావి తవ్వే మనుషులతో నెత్తీ నోరూ కొట్టుకుని ఏం లాభమని నేనే అన్నాను. ఆమె చేటలో పురుగులు ఏరుతూ, "నువ్వన్న రా మరి" అన్నది. వెళ్లి ఏరాను.

నా పెద్దబిడ్డ పాలుతాగే పసిదిగా ఉన్నప్పుడు గోదారి మళ్లీ వచ్చింది. బిడ్డను కొంగులో చుట్టుకుని, అత్తమ్మ చెయ్యి పట్టుకుని మిట్ట ఎక్కాను. ముల్లా సాబ్ తన తాళం తీశారు. పాస్టరమ్మ తనది తీసింది. మూడోది అలాగే ఉంది. పటేలు చొప్పదండిలో పెళ్లికి వెళ్లారు. తాళంచెవి మొలతాడుకు కట్టుకునే అలవాటు ఆయనది, దానితోనే వెళ్లారు.

తలుపు అవతల బియ్యం, ఇవతల ఊరు. మర్నాటి మధ్యాహ్నం దాకా అలా నిలబడ్డాం. గడ్డపార ఒకటి చేతులు మారుతూనే ఉంది కానీ గొళ్లెం మీద పడలేదు. పటేలు చుట్టాలు, ఆయన వచ్చాక మాట పడేది తామేనన్నారు. ముల్లా సాబ్ తల వంచుకుని, "నేను ముట్టుకుంటె రేపు ఏమంటరో నీకెరుకనే అమ్మ. ఆ ముచ్చట్లింక ఆరలే" అన్నారు. పోలీసు యాక్షన్ నాటి పగలు ఊరు మరిచిపోలేదు, ఆయన భయం అబద్ధం కాదు. నాకు పాలు ఎండిపోయాయి. బిడ్డ ఏడ్చి ఏడ్చి, గొంతు పోయి నోరు మాత్రం తెరుస్తోంది. పాస్టరమ్మ వచ్చి ఆ నోట్లో వేలు పెట్టి చూసింది. లేచి వెళ్లి గడ్డపార అందుకుంది.

"నా పేరు చెప్పుండ్రి. పాస్టరమ్మ పలగ్గొట్టిందని చెప్పుండ్రి."

గొళ్లెం ఊడి వచ్చింది. సాయంత్రానికి గుడి వంటాయన మసీదు డేగిశాలో గంజన్నం వండాడు. మా అత్తమ్మ చర్చి వసారాలో కూర్చుని తిన్నది. నా బిడ్డ బతికింది. ఇది నేను ఎవరి ముందైనా చెబుతాను.

నీళ్లు తీసినాక పటేలు వచ్చి పంచాయితీ పెట్టారు. ఎంతమంది తిన్నారని అడగలేదు. గుడి తాళం మీద చెయ్యి ఎలా పడిందని అడిగారు. "తాళం ఉన్నది పటేలా, మీరే లేకపోతిరి" అన్నదామె. ఆ మాట పక్కనపెట్టి తీర్పు చెప్పారు. గొళ్లెం కొత్తది వేయాలి. ఇకమీదట తగువు రాకుండా పంచాయితీ తరఫున సర్పంచి కూడా ఒక తాళం వేయాలి. అలా మూడు తాళాలు నాలుగయ్యాయి. ఆమె మా అరుగు మీద కూర్చుని కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "మంచిగ కాపాడుకుంటున్నరు బిడ్డ. గోదారే జర ఆగాలె, నలుగురు వచ్చేదాక."

ఆ తర్వాత ఆమె అడిగింది ఒక్కటే. వానకాలం నాలుగు నెలలు తాళాలు తీసి ఉంచండి, ఎండకాలం మీ ఇష్టం అని. ఏటా అడిగింది, ఏటా "చూద్దాం" అన్నారు. ఆమె జుట్టు తెల్లబడింది, మోకాళ్లు పట్టేశాయి, కర్ర పట్టుకుని తిరిగి మరీ అడిగింది. ఎదురుగా వస్తుంటే పక్క సందులోకి తప్పుకునే వాళ్లను నేను కళ్లారా చూశాను. వాళ్లలో మిట్ట మీద ఆ గంజన్నం తిన్నవాళ్లు లేరా? ఉన్నారు. అదే నా కడుపుమంట.

నేను వెళ్లేసరికి ఊరంతా మిట్ట మీదే ఉంది. మట్టి ఇచ్చినాక పటేలు ఒకరి చెయ్యి ఆసరాగా లేచి నిలబడి, మూడు మతాలను ఒక్క తాటి మీదికి తెచ్చిన తల్లి అన్నారు. ముల్లా సాబ్ కళ్లు తుడుచుకున్నారు. అందరూ బాగా ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అందరి ముందూ అడిగాను, ఆమె అడిగింది ఇవ్వాళైనా చేస్తారా, ఆ తాళాలు తీస్తారా అని.

పటేలు ముల్లా సాబ్ వైపు చూశారు. వాళ్లు తీస్తే నేనూ తీస్తానన్నారు ముల్లా సాబ్. ఇప్పుడు మూడో తాళంచెవి తన దగ్గరున్న చర్చి పెద్ద కూడా అదే అన్నాడు. సర్పంచి గొంతు సవరించుకుని, "ముందుగాల అమ్మ దినాలు కానీ. చూద్దాం తియ్" అన్నాడు.

సన్నగా తుంపర మొదలైంది. జనం చెదిరిపోయారు. ఆ నలుగురూ గది ముందు ఆగారు. ఒకరి తర్వాత ఒకరు ఎవరి తాళం వాళ్లు గుంజి చూసుకున్నారు. తర్వాత గొడుగులు తెరుచుకుని మిట్ట దిగిపోయారు. కింద గోదారి అప్పటికే కొత్తనీటితో ఎర్రగా మారి ఉంది.